ఈ-మెయిలు చిరునామా ధ్రువీకరణ

వెబ్ ఫారములో వాడుకరి ఇచ్చిన ఈ-మెయిలు చిరునామా చెల్లుతుందా అని పరిశీలించుటను ఈ-మెయిలు చిరునామా ధ్రువీకరణ అంటారు. చాలా ఫారములు @ గుర్తుకు ఇరువైపులా ఆంగ్ల అక్షరాలు, అంకెలు, కొద్దిపాటి గుర్తులను మాత్రమే అనుమతిస్తాయి. తెలుగు లిపిలో .భారత్ డొమైన్ 2011లోను, ఇతర లిపుల చిరునామాలకు వీలిచ్చే ఆర్‌ఎఫ్‌సీ 6531 ప్రమాణం 2012లోను వచ్చాయి. అయితే ఫారము అన్ని లిపుల అక్షరాలను అనుమతించినా చాలదు. వరంగల్లులోని కాశిబుగ్గ పేరునే తీసుకుంటే, అందులోని 9 యూనికోడ్ సంకేతాలలో 5 మాత్రమే అక్షరాల వర్గానికి చెందుతాయి. 3 గుణింతపు గుర్తులు, ఒక పొల్లు వేరే వర్గంలో ఉంటాయి. ఆ వర్గాన్ని మరచిన ఫారము ఈ పేరును తప్పుగా ఎంచుతుంది.

రూపం సరిపోయినంత మాత్రాన ఆ పెట్టె ఉన్నట్లు కాదు. ఒక్క అక్షరం తప్పితే విద్యార్థి హాల్ టికెట్ మరొకరికి చేరవచ్చు. కాబట్టి ఫారములో తేలికపాటి పరీక్షతో సరిపెట్టి, చిరునామాకు లంకె పంపి, వాడుకరి దానిని నొక్కిన పిమ్మటనే నమోదు చేయుట మేలు.