మీకు తెలుసా? నార్వేవాళ్ల మంచు సెలవుల వారం

ఈస్టర్ నాటికి మన దగ్గర ఎండలు ముదురుతుంటాయి. సరిగ్గా అదే వారం నార్వేవాళ్లు పిల్లాపాపలతో, స్నేహితులతో మంచు కోసం కొండలెక్కుతారు.

• గుడ్‌ఫ్రైడే ఒక్కటే కాదు, దాని ముందురోజు గురువారం, ఈస్టర్ మర్నాడు సోమవారం కూడా అక్కడ సెలవే. బడి పిల్లలకైతే వారమంతా ఆటవిడుపు. 55 లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశంలో సెలవుల కోసం కట్టుకున్న ఇళ్లు 4 లక్షలు దాటాయి. చాలావరకు చెక్క ఇళ్లే. సొంతిల్లు లేనివాళ్లను చుట్టాలో స్నేహితులో పిలుస్తారు.

• ఆ వారమంతా ఇంటిల్లిపాదీ హత్యల కథలు చదువుతారు! దీని వెనుక ఒక ప్రకటన ఉంది. 1923 మార్చి 24న ‘ఆఫ్టెన్‌పోస్టెన్’ పత్రిక మొదటి పేజీలో, బెర్గెన్ రైలును రాత్రి దోచుకున్నారంటూ పెద్ద అక్షరాల్లో పడింది. నిజమేననుకుని చాలామంది కంగారుపడ్డారు. తీరా చూస్తే అది కొత్త నవల పేరు. రాసినవాళ్లు నూర్దాల్ గ్రీగ్, నిల్స్ లీ అనే ఇద్దరు కుర్రాళ్లు. నవల బాగా అమ్ముడుపోయింది, ఈస్టర్‌కు నేరకథ ఆనవాయితీ అయిపోయింది. ఇప్పుడు టీవీలోనే కాదు, పాల డబ్బాల మీద కూడా బొమ్మల నేరకథ అచ్చవుతుంది. పొద్దున్నే పాలు పోసుకుంటూ దొంగ ఎవరో తేల్చడానికి పెద్దలూ పిల్లలూ పోటీపడతారు.

• మంచులో కూర్చుని ఎండ కాచుకుంటారు. పారతో మంచును తవ్వి, వీపు వెనక గోడలా పేర్చి, గాలి తగలకుండా చూసుకుంటారు. కింద రెయిన్‌డీర్ తోలు పరుచుకుని, మొహం సూర్యుడి వైపు పెట్టి, కమలాపళ్లు ఒలుచుకు తింటారు. ఈ హాయిలో ఒక చిక్కుంది. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అంటే ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద క్రీము రాసుకోకపోతే సాయంత్రానికి చర్మం కమిలిపోతుంది.

• వసంతపు మంచు పొద్దున గట్టి పెచ్చులా ఉండి, మధ్యాహ్నానికి చిత్తడవుతుంది. దాని మీద స్కీలు వెనక్కి జారకుండా అడుగున ‘క్లిస్టర్’ అనే జిగురు పూస్తారు. బెల్లం తీగపాకంలా సాగుతుంది, బట్టలకు అంటితే ఓ పట్టాన వదలదు.

• 1868లో పుట్టిన నార్వే పర్యాటక సంఘం కొండల్లో నడిపే విడిదుల్లో చాలాచోట్ల కాపలా ఉండదు. సభ్యులే తాళం తీసుకుని లోపలికి వెళ్తారు. అరల్లోని డబ్బా ఆహారం వండుకుని, వాడుకున్నదాని లెక్క తామే రాసి, డబ్బు కడతారు. వెళ్లేముందు గదులు ఊడ్చి, తర్వాత వచ్చేవాళ్ల కోసం కట్టెలు కొట్టి పెడతారు. ముక్కూమొహం తెలియనివాళ్లను ఇంతగా నమ్మే ఏర్పాటు నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

• ఈ పండగకు ఒక విషాదం కూడా ముడిపడి ఉంది. 1967 ఈస్టర్ సెలవుల్లో కొండల్లో 18 మంది చనిపోయారు. ఆ తర్వాత రెడ్‌క్రాస్, పర్యాటక సంఘం కలిసి కొండ జాగ్రత్తలను ఊరూరా ప్రచారం చేశాయి. ఇప్పుడవి తొమ్మిది. ఎటు వెళ్తున్నారో ఎవరికైనా చెప్పి బయల్దేరాలి, అవసరమైతే ఎక్కడైనా తలదాచుకోవాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఎనిమిదోది: వేళ మించకముందే వెనుదిరగాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిన పెద్దవాళ్లకు ఆ మాట ఎంత ధైర్యమిస్తుందో! 1937 నుంచి దొరుకుతున్న ‘క్విక్ లున్ష్’ చాక్లెట్ కాగితం లోపలివైపు కూడా ఈ జాగ్రత్తలు అచ్చు వేస్తూ వచ్చారు. స్కీయింగ్‌కు వెళ్లేవాళ్ల సంచిలో ఆ చాక్లెట్ ఉండి తీరుతుంది మరి.

• ఈస్టర్ తేదీ చంద్రుణ్ణి బట్టి మారుతుంది. 2008లో మార్చి 23నే వచ్చింది, 2038లో ఏప్రిల్ 25న వస్తుంది. ఆలస్యమైన ఏడాది పల్లపు ప్రాంతాల్లో మంచు కరిగిపోతుంది కాబట్టి ఇంకా పైకి పోవాల్సిందే. అలాంటి చోటే ఫిన్సె. 1222 మీటర్ల ఎత్తున, నార్వే రైలుమార్గాలన్నిటిలోకీ పైనున్న స్టేషన్ అది. అక్కడికి కారు దారి లేదు. స్కీలు, సంచులు, పిల్లలతో సహా అందరూ బెర్గెన్ రైల్లోనే దిగుతారు.