పూల్ నిండితే రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు? ప్రైవేట్ క్లౌడ్ స్టోరేజ్ ఆటోమేషన్

మీ ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని మెసేజ్ వస్తే ఏం చేస్తారు? వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ ఫోటోలు ఓ నాలుగొందలు డిలీట్ కొడతారు, అయిపోయింది. అదే మెసేజ్ ఒక ఆఫీసు సర్వర్ రూమ్‌లో రాత్రి రెండింటికి వస్తే? ఇక్కడ మన సింగరేణి గనుల్లో అయితే నైట్ షిఫ్ట్ ఉంటుంది, మనుషులుంటారు. చిన్న ఆఫీసు సర్వర్ రూమ్‌కి నైట్ షిఫ్ట్ మనిషిని ఎవరు పెడతారు చెప్పండి? అందుకే ఆ కాపలా సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తారు. ఏ పని అప్పగించొచ్చు, ఏది అప్పగించకూడదు అనేదే ఇవాళ్టి విషయం.

ముందు మాటలు అర్థం చేసుకుందాం. ప్రైవేట్ క్లౌడ్ అంటే ఏం లేదు, అమెజాన్ దగ్గరో గూగుల్ దగ్గరో అద్దెకి తీసుకోకుండా, సొంత సర్వర్లు పెట్టుకుని వాటినే క్లౌడ్‌లా వాడుకోవడం. ఓపెన్‌స్టాక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికే. 2010లో నాసా, రాక్‌స్పేస్ కలిసి మొదలుపెట్టాయి. ఇక ఆ సర్వర్లలో ఉన్న డిస్కులన్నిటినీ కలిపి ఒకే పెద్ద చెరువులా వాడితే అదే స్టోరేజ్ పూల్. ఈ పనికి ఎక్కువగా వాడేది సెఫ్ అనే సాఫ్ట్‌వేర్. సేజ్ వైల్ అనే ఆయన కాలిఫోర్నియాలో పీహెచ్‌డీ చేస్తూ తయారుచేశారు. ఇది మామూలుగా ప్రతి డేటాకీ మూడు కాపీలు ఉంచుతుంది. కాబట్టి 300 టెరాబైట్ల డిస్కులు కొంటే మీకు దక్కేది 100 అన్నమాట.

ఇప్పుడు అసలు కథ. మనవైపు వాళ్ళకి ఇది చెప్పడం చాలా తేలిక. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. చిన్న పిల్లల్ని అడిగినా చెప్తారు. 2022 జులైలో 71 అడుగులు దాటింది, ఆ రోజులు మనకి గుర్తే. సెఫ్‌లోనూ అలాగే మూడు గీతలుంటాయి: 85, 90, 95 శాతం. ఒక డిస్కు 85కి చేరితే హెచ్చరిక మాత్రమే. 90కి చేరితే, రిపేరు కోసం వేరే చోట నుంచి తరలించే డేటాని ఆ డిస్కు ఇక తీసుకోదు. 95కి చేరితే రాయడం మొత్తం ఆగిపోతుంది. అప్పుడు నింపింది ఒక టెస్టింగ్ టీమ్ లాగ్ ఫైళ్ళే కావచ్చు, కానీ జీతాల సాఫ్ట్‌వేరూ ఆగుతుంది, బిల్లింగూ ఆగుతుంది. వాళ్ళ తప్పేం లేకపోయినా సరే.

ఇంకో సంగతి. సగటు చూసి ధైర్యంగా ఉండకూడదు. పూల్ మొత్తం 70 శాతమే ఉన్నా, ఒక్క డిస్కు 95 కొట్టిందంటే చాలు. కరకట్ట ఎంత పొడుగున్నా గండి పడేది ఒక్కచోటే కదా! అందుకే సెఫ్‌లో బ్యాలెన్సర్ అనే భాగం ఉంటుంది. బరువెక్కిన డిస్కు నుంచి ఖాళీగా ఉన్నదానికి డేటా నెమ్మదిగా జరుపుతుంది. దీన్ని కళ్ళు మూసుకుని ఆన్ చేయొచ్చు. డేటాని ఎన్ని కట్టలుగా విడగొట్టాలి అనే లెక్క కూడా ఒకప్పుడు అడ్మిన్ కాగితం మీద వేసుకునేవాడు. 2019లో వచ్చిన వెర్షన్‌లో దానికి ఆటోస్కేలర్ వచ్చింది, 2020 వెర్షన్ నుంచి కొత్త పూల్స్‌కి అది ముందే ఆన్ అయి ఉంటుంది. కాకపోతే అది లెక్క మార్చినప్పుడల్లా డేటా కదులుతుంది, ఆ టైంలో స్పీడు తగ్గొచ్చు. పగలు పని ఎక్కువుండే చోట నేనైతే దాన్ని 'వార్న్' మోడ్‌లో పెడతాను. అది చెప్తుంది, మనం రాత్రి పూట చేస్తాం.

ఈ లెక్క మాత్రం జాగ్రత్తగా వినండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఒకే సైజు సర్వర్లు నాలుగు ఉన్నాయి, పూల్ 70 శాతం నిండింది. హెచ్చరిక గీత 85 కదా, ఇంకా బోలెడుంది అనిపిస్తుంది. ఒక సర్వర్ పోయిందనుకోండి. దాని డేటా మిగతా మూడింటి మీద పడాలి. 70ని నాలుగుతో గుణించి మూడుతో భాగిస్తే 93 పైనే! అంటే 90 గీత దాటేశాం, రిపేరు మధ్యలో ఆగిపోతుంది. అదే 60 దగ్గర ఉంటే 80 అవుతుంది, బతికిపోతాం. కాబట్టి మీరు రాసే స్క్రిప్ట్ 'ఇప్పుడు ఎంత నిండింది' అని కాదు, 'ఒక సర్వర్ పోతే ఎంత అవుతుంది' అని చూడాలి. నాలుగు సర్వర్ల వాళ్ళకి అసలు హెచ్చరిక 63 దగ్గరే మోగాలి.

గోదావరికి కూడా భద్రాచలంలో నీళ్ళు వచ్చాక చూడరు కదా, పైన పేరూరు దగ్గర మట్టం చూసి ముందే అంచనా వేస్తారు. స్టోరేజ్‌కి ఆ పని ప్రొమీథియస్ అనే టూల్ చేస్తుంది. అందులో ప్రెడిక్ట్ లీనియర్ అని ఒక ఫంక్షన్ ఉంది. ఇదే వేగంతో పెరిగితే నాలుగు రోజుల తర్వాత ఎంత ఉంటుందో చెప్తుంది. కొత్త డిస్కు ఆర్డర్ పెట్టి, హైదరాబాద్ నుంచి మణుగూరు వచ్చేదాకా పట్టే రోజుల కంటే ఎక్కువ ముందు అలారం మోగేలా పెట్టుకోండి. నాలుగు రోజులు మనకి చాలవు.

ఇక థిన్ ప్రొవిజనింగ్. ఒకరికి 100 జీబీ ఇచ్చామని చెప్తాం, కానీ వాళ్ళు వాడిన 10 జీబీ మాత్రమే పూల్‌లో ఖర్చవుతుంది. అందరికీ ఇలాగే ఇస్తాం. అందరూ ఒకేసారి వాడరులే అన్న నమ్మకం! ఓపెన్‌స్టాక్‌లో సిండర్ అనే భాగం, మనం సెట్టింగ్ మార్చకపోతే, ఉన్నదానికి 20 రెట్ల దాకా ఇలా మాట ఇవ్వనిస్తుంది. ఇరవై రెట్లు ఏ లెక్కన చూసినా ఎక్కువే. రెండు మూడు దగ్గర ఆపండి. పైగా వర్చువల్ మెషిన్ లోపల ఫైలు డిలీట్ చేసినంత మాత్రాన పూల్‌కి ఆ జాగా తిరిగి రాదు, ట్రిమ్ నడవాలి. లినక్స్‌లో వారానికోసారి ట్రిమ్ చేసే టైమర్ ఉంటుంది. ఆ డిస్కుకి డిస్కార్డ్ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి, లేకపోతే టైమర్ నడిచినా లాభం లేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ మెషిన్‌కి ఇచ్చేయొచ్చు. ఇవ్వకూడనిది డిలీట్. సెఫ్ తయారుచేసినవాళ్ళకీ ఈ భయం ఉంది. పూల్ తీసేయాలంటే ముందు ఒక సెట్టింగ్ మార్చాలి, తర్వాత పూల్ పేరు రెండుసార్లు టైప్ చేయాలి, చివర్లో 'ఎస్ ఐ రియల్లీ రియల్లీ మీన్ ఇట్' అని కూడా రాయాలి. నిజంగా అలాగే ఉంటుంది, నవ్వొస్తుంది! కానీ కొందరు ఆ మాటనే స్క్రిప్ట్‌లో పెట్టేసి రోజూ నడిపిస్తారు. తాళం వేసి తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు. మీ స్క్రిప్ట్ పాత వర్చువల్ డిస్కుల్ని ట్రాష్‌లోకి నెట్టేదాకా ఆగాలి. అక్కడ ఓ రెండు వారాలుంచి, చివరి నొక్కు మనిషి నొక్కాలి.

మూడు కాపీలున్నాయి కదా అంటారు. తప్పు డిలీట్ పడితే అది మూడు కాపీలకీ ఒకేసారి పడుతుంది. బిల్డింగ్ కాలినా అంతే. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడితే, ఉద్యోగులు వాడే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. బయట బ్యాకప్ లేదు.

ఇదంతా చేసి చూడాలంటే పెద్ద సర్వర్లు అక్కర్లేదు. కాస్త ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లో నాలుగు వర్చువల్ మెషిన్లు పెట్టి మైక్రోసెఫ్ ఇన్‌స్టాల్ చేయండి. చిన్న చిన్న డిస్కులు ఇచ్చి, కావాలనే 70 శాతం నింపి, ఒక మెషిన్ ఆఫ్ చేయండి. కాసేపు ఆగి ఏ గీత దగ్గర ఆగిందో కింద కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్యాకప్ గురించి మాట్లాడుకుందాం.