గోల్ కాడికెల్లి పార్లమెంటు దాకా

"ఆటనా, సదువా? ఏదన్న ఒక్కటే పట్టుకో." ఊర్లల్ల ఆడే పోరగాండ్లకు, పిల్లలకు ఈ మాట కొత్త గాదు. ఇది ఇన్నప్పుడల్లా నాకు కెనడాల పుట్టిన కెన్ డ్రైడెన్ యాదికొస్తడు.

ఆయనది ఐస్ హాకీ. మంచు గడ్డ మీద, బ్లేడ్లున్న బూట్లేసుకొని, కట్టెతోని రబ్బరు బిళ్లను కొట్టే ఆట. మనకు క్రికెట్ ఎట్లనో కెనడాకు గది అట్ల. డ్రైడెన్ గోల్ కీపర్. 1971ల మాంట్రియల్ కెనడియన్స్ టీంల ఆరు లీగ్ మ్యాచ్‌లే ఆడిండు, అయినా నాకౌట్ల దింపిన్రు. ఎదురుంగ ముందటేడు కప్పు గెలిచిన బోస్టన్. డ్రైడెన్ టీం బోస్టన్‌ను ఓడగొట్టింది, ఆఖరుకు కప్పు కూడా గెలిచింది. నాకౌట్లల మేటి ఆటగాని అవార్డు ఆయనకే ఇచ్చిన్రు. అప్పుడాయన మెక్‌గిల్ యూనివర్సిటీల లా సదువుతున్నడు.

అసలు ముచ్చట 1973ల. గా ఏడు రెండో కప్పొచ్చింది, లా డిగ్రీ కూడా చేతికొచ్చింది. జీతం కాడ టీంతోని పేచీ వడ్డది. డ్రైడెన్ బతిలాడలే. టొరంటో పోయి, తక్కువ జీతానికి ఒక లాయర్ల ఆఫీసుల ఏడాది ట్రైనింగ్ చేసిండు. ఆయన లేని ఏడు టీం నాకౌట్ల మొదటి రౌండ్లనే ఇంటికొచ్చింది. మల్లొచ్చినంక 1976 నుంచి 1979 దాకా వరుసగ నాలుగు కప్పులు. మొత్తం ఆరు. 31 ఏండ్లకే ఆట బంద్ వెట్టిండు.

సదువంటే ఆట అయిపోయినంక పనికొచ్చేదే అనుకుంటం. డ్రైడెన్‌కు ఆడేటప్పుడే "ఈ జీతానికి ఆడ" అనే ధైర్యమిచ్చింది గా సదువే.

2004ల లిబరల్ పార్టీ నుంచి ఎంపీగ గెలిచిండు. సామాజిక అభివృద్ధి మంత్రి అయిండు. అమ్మనాయిన పనికి పోతే చిన్నపిల్లల్ని ఎవలు చూడాలె? అందరికీ అందే పిల్లల కేంద్రాలుండాలెనని, 10 రాష్ట్రాలతోని మాట్లాడి 2005ల ఒప్పందాలు చేసుకున్నడు. 2006ల సర్కారు మారింది. కొత్తోళ్లు గా ఒప్పందాలు రద్దు చేసిన్రు. 2011ల ఆయన కూడా ఎన్నికల్ల ఓడిండు.

మరి పనంతా బూడిదల పోసినట్టేనా? 2021ల కెనడా సర్కారు, రోజుకు 10 డాలర్లకే పిల్లల్ని చూసుకునే పథకం తెచ్చింది. 2022 కల్లా రాష్ట్రాలన్నీ ఒప్పుకున్నయి. డ్రైడెన్ అది చూసే పోయిండు, 2025 సెప్టెంబర్‌ల, 78 ఏండ్లకు.

హాకీల విజిల్ ఊదితే లెక్క తేలిపోతది. రాజకీయంల ఓడిన పని గుడ 15 ఏండ్లకు మల్ల లేస్తది. తమ్ముడూ, చెల్లే, ఆట ఇడువకున్రి. పుస్తకం గుడ ఇడువకున్రి. రేపు నీ ముంగట ఒప్పంద కాగితం పెడితే, అండ్ల ఏం రాసిందో నువ్వే సదువాలె. నచ్చకుంటే "వద్దు" అని నువ్వే చెప్పాలె.