ఒక్క ‘సెట్’, వందల అర్థాలు

బడిలో తెలుగు చదివినవాళ్ళకు పర్యాయపదాలు, నానార్థాలు గుర్తుండే ఉంటాయి. ఒకే అర్థానికి పలు మాటలుంటే పర్యాయపదాలు, ఒకే మాటకు పలు అర్థాలుంటే నానార్థాలు. ఇది ఈనాటి విభజన కాదు. సంస్కృత అమరకోశంలో అధికభాగం పర్యాయపదాలే అయినా, మూడో కాండలో నానార్థాల కోసం ప్రత్యేకంగా ఒక వర్గం ఉంది. ఇంగ్లిషు దగ్గరకు వచ్చేసరికి మనం ఈ సంగతి మరచిపోతాం. పేజీ మధ్యలో నిలువుగీత గీసి, ఎడమ పక్క ఒక మాట, కుడి పక్క ఒక అర్థం రాసుకుని బట్టీపడతాం. ‘సెట్’ లాంటి మాట ఎదురయ్యేదాకా ఆ పద్ధతి బాగానే నడుస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మొదటి కూర్పు 1884 నుంచి 1928 దాకా విడివిడి భాగాలుగా వెలువడింది. అందులో అన్నిటికన్నా పొడవైన వివరణ ‘సెట్’దే. క్రియగా దాని వాడుకలను 154 ప్రధాన విభాగాలు చేశారు. ఆఖరిదైన ‘సెటప్’ కింద ఉపవిభాగాలకు ఎ నుంచి జడ్ దాకా అక్షరాలు చాల్లేదు. మళ్ళీ ఎఎ, బిబి అంటూ మొదలుపెట్టి ఆర్‌ఆర్ దగ్గర ఆపారు. 1989 నాటి రెండో కూర్పులో ఈ ఒక్క మాటకే 430 పైచిలుకు అర్థాలు, వాటి వివరణకు దాదాపు 60,000 పదాలు పట్టాయి. అంటే ఓ మోస్తరు నవలంత!

ఇంత చిన్న మాటకు ఇంత భారమెందుకు? దాని పుట్టుక చూస్తే సగం చిక్కు వీడుతుంది. ‘సిట్’ అంటే కూర్చోవడం. పాత ఇంగ్లిషులో దానికి ప్రేరణార్థకం ‘సెట్టన్’, అంటే కూర్చోబెట్టడం. ఇక అక్కడినుంచి లెక్క వేసుకోండి. వస్తువును ఒకచోట కూర్చోబెడితే పెట్టడం. రాయిని ఉంగరంలో కూర్చోబెడితే పొదగడం. విరిగిన ఎముకను దాని స్థానంలో కూర్చోబెడితే కట్టు కట్టడం, మన పుత్తూరుకు పేరు తెచ్చిన పని. తేదీని కూర్చోబెడితే ఖాయం చేయడం. కూర్చోబెట్టడమే కాదు, తానే కదలకుండా కూర్చుండిపోవడం కూడా ఇందులోకి వచ్చింది. సిమెంటు బిగుసుకున్నా, జెల్లీ గట్టిపడ్డా, పెరుగు తోడుకున్నా ఇంగ్లిషులో సెట్ అవడమే. ఆకాశంలో నడిచిన సూర్యుడు కిందికి దిగి కూర్చుంటే సన్‌సెట్.

మనకు ఇది వింతగా తోచనక్కర్లేదు. తెలుగులో ‘పెట్టు’ను చూడండి. నిప్పు పెడతాం, ముహూర్తం పెడతాం, అలారం పెడతాం, కొట్టు పెడతాం. వీటన్నిటికీ ఇంగ్లిషులో ‘సెట్’ సరిపోతుంది, కొట్టుకు మాత్రం వెనక ‘అప్’ చేర్చాలి. రెండు మాటలూ ఒకటేనని సంబరపడేలోపు దారులు విడిపోతాయి. అన్నం పెడతాం, పేరు పెడతాం, ముద్దు పెడతాం, పేచీ పెడతాం. ఇక్కడ ‘సెట్’ పనికిరాదు. రెండు భాషల్లోని రెండు మాటలు కొంతదూరం కలిసి నడుస్తాయేగాని పూర్తిగా ఒకదానిమీద ఒకటి పడవు. ‘పెట్టు’ అనగానే ‘కీప్’ అని తోచడం వల్లనే మనవాళ్ళు చాలామంది అలారాన్ని ‘కీప్’ చేస్తుంటారు. ‘కీప్’లో ఉన్నది ఉంచుకోవడం, అట్టేపెట్టడం. అలారానికి కావలసింది సమయం నిర్ణయించడం.

మరి టీ సెట్టు, పంపుసెట్టు, లెక్కల పుస్తకంలో ‘సమితి’ అని మనం చదువుకున్న సెట్? ఇవి కూర్చోబెట్టడంలోంచి పుట్టినవి కావు. అనుసరించేవాళ్ళ గుంపు అనే అర్థమున్న లాటిన్ ‘సెక్టా’ పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు చేరి ‘సెట్’ అయింది. మత శాఖను సూచించే ‘సెక్ట్’ దీని తోబుట్టువు. ఒకే ఉచ్చారణ కావడంతో పాత క్రియ నీడ దీనిమీదా పడి, రెండు వంశాలు కలగలిసిపోయాయి. సినిమావాళ్ళు వేసే సెట్ మాత్రం మొదటి వంశానిదే, అది అమర్చి నిలబెట్టిన దృశ్యం.

అసలు ఇబ్బంది పెట్టేది దీని వెనక చేరే చిన్న చిన్న తోకలు. 1755లో తన నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, పరాయి భాషలవాళ్ళను ఎక్కువగా తికమకపెట్టేవి ఇవేనని పీఠికలోనే రాశాడు. ఆయన చూపిన ఉదాహరణల్లో సెట్ ఆఫ్, సెట్ ఇన్, సెట్ అవుట్ మూడూ ఉన్నాయి. సెట్ ఆఫ్ అంటే బయలుదేరడం, బాంబు పేల్చడం, ఒక బాకీని మరో బాకీకి చెల్లు వేసుకోవడం కూడా. బయలుదేరింది మనిషా, పేలింది బాంబా అన్నది ముందూ వెనకా ఉన్న మాటలే చెప్పాలి. సెట్ ఇన్ అంటే ముసురు పట్టినట్టు, వచ్చింది ఇప్పట్లో పోకుండా నిలవడం. వీటిని విడగొట్టి ‘సెట్’కు ఒక అర్థం, ‘ఇన్’కు ఒక అర్థం కూడితే వచ్చేది సున్నా. మొత్తాన్ని ఒకే మాటగా నేర్చుకోవడమే దారి.

పర్యాయపదాల సంగతికొస్తే, పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు 1852లో భావాలవారీగా మాటలు కూర్చి ‘థెసారస్’ ప్రచురించాడు. గ్రీకులో ఆ మాటకు అర్థం ఖజానా. అంతకు నలభై ఏళ్ళకు పైగా ముందే తన సొంత అవసరానికి అలాంటి జాబితా ఒకటి రాసుకున్నాడు. రాసేవాడికి మాట గుర్తు రానప్పుడు ఆ పుస్తకం ఎంతో మేలు. కాని వరసలో ఉన్నాయి కదా అని ఒకదాని బదులు మరొకటి వేస్తే బెడిసికొడుతుంది. భోజనానికి టేబుల్‌ను ‘సెట్’ చేయవచ్చు, ‘లే’ చేయవచ్చు. ‘ఫిక్స్’ చేశామంటే విరిగిన కాలు బాగుచేశామని. పెళ్ళి తేదీని సెట్ చేస్తారు, ఫిక్స్ చేస్తారు, ‘పుట్’ చేయరు. ‘ప్లేస్’లో కాస్త జాగ్రత్త, మర్యాద ఉంటాయి. ‘పుట్’లో అదేమీ లేదు, ఊరికే పెట్టేయడమే. ‘లే’లో అడ్డంగా పరచడం ఉంది, అందుకే ఇటుకలకూ తివాచీకీ అదే వాడతారు. ఎవరైనా పర్యాయపదాల పట్టిక చేతికిస్తే, ప్రతి మాట పక్కనా అది ఏ మాటతో జత కడుతుందో రాసుకోవాలి. అది లేని పట్టిక సగం పనికే వస్తుంది.

ఇప్పుడు అర్థాల సంఖ్యలో సెట్‌ను ‘రన్’ దాటిపోయింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటుకారుడు పీటర్ గిల్లివర్ దాదాపు తొమ్మిది నెలలు కూర్చుని, క్రియగానే దానికి 645 అర్థాలు తేల్చాడు. యంత్రాలు వచ్చాక మోటారు, ఫ్యాక్టరీ, కంప్యూటర్ ప్రోగ్రాం అన్నీ ‘రన్’ అవసాగాయి మరి. అయితే ఈ అంకెలను క్రికెట్ స్కోరులా చూడకూడదని నా ఉద్దేశం. ఒక వాడుకను రెండుగా చీల్చాలా, ఒకటిగా ఉంచాలా అన్నది నిఘంటుకారుడి నిర్ణయం. మరో నిఘంటువులో అదే మాటకు అర్థాలు బాగా తక్కువ కనిపించవచ్చు.

నిఘంటువులతో పనిలేకుండా మనమూ ‘సెట్’కు కొన్ని అర్థాలు కలిపాం. సంబంధం సెట్ అయింది అంటే కుదిరింది. నేను సెట్ చేస్తాలే అంటే ఎవరితోనో మాట్లాడి పని చక్కబెడతానని. వాడికీ నాకూ సెట్ కాదు అంటే పొసగదు. తెలుగులో ఇవి హాయిగా నడుస్తాయి. కాని ఆ చివరి వాక్యాన్ని ఇంగ్లిషులోకి తిప్పి ‘ఇట్ డజ్ నాట్ సెట్’ అంటే, అవతలివాడు ఇంకా ఆరని సిమెంటు గురించో, బిగుసుకోని జెల్లీ గురించో చెబుతున్నామనుకుంటాడు.