కొండ నెక్కు కారు – దానిని చూపు తెర

మన పిల్లలలో అనేకులు సాయంకాలము బడి నుండి వచ్చి, కాలుసేతులు కడుగుకొనక మునుపే, టెలివిజను ముందరనో చేతిలోని ఫోను ముందరనో కూర్చుండి మోటారు పందెములు చూచుచుందురు. తల్లులు కేకలు వేయుదురు, తండ్రులు విసుగుకొందురు. ఆ పందెమేమి, ఆ కారేమి, దానిని చూచుటయందు అంత ఆకర్షణ ఏమి యని అడిగి తెలిసికొన్నవారు మాత్రము తక్కువ. ఏమియు తెలియక "ఆపు" మనుటకంటె, కొంత తెలిసి ఒక ప్రశ్న వేసినచో పిల్లవాడు నిలిచి ఆలోచించును. అందుచేత మోటారు పందెములలో ఒక్క రకమును, అనగా కొండ నెక్కు పందెమును మాత్రము తీసికొని, దానిని గూర్చియు, దానిని తెరపై చూపుటలోని చిక్కులను గూర్చియు ఇచ్చట వివరింతును.

మోటారు పందెమనగానే చుట్టుబాటపై ఇరువది కార్లు ఒకదానినొకటి తరుముకొనుచు పరువెత్తుట మనకు తోచును. కొండ పందెము అట్టిది కాదు. ఇందు కార్లు ఒక్కొక్కటిగా బయలుదేరును. క్రిందినుండి పైకి ఒకే బాట, ఒకే పరుగు, ప్రత్యర్థి గడియారమే. పొరపాటు జరిగినచో సరిదిద్దుకొనుటకు రెండవ చుట్టు ఉండదు. ఇంగ్లండునందలి షెల్స్‌లీ వాల్ష్ అను చోట ఇట్టి పందెము 1905లోనే ఆరంభమయ్యెను. ఆ బాట నిడివి వేయి గజములు మాత్రమే. కాని యన్నిటిలో పేరెన్నిక గన్నది అమెరికాలోని కొలరాడో రాష్ట్రమందలి పైక్స్ పీక్ శిఖరముపై జరుగు పందెము. ఆ కొండపైకి మోటారు రోడ్డు వేయించిన స్పెన్సర్ పెన్‌రోజ్ అను ధనికుడు, తన రోడ్డునకు ప్రచారము కలుగవలెనని 1916లో దీనిని ప్రారంభించెను. ఆ మొదటి యేట గెలిచిన రే లెంట్జ్‌కు శిఖరము చేరుటకు దాదాపు 21 నిముషములు పట్టెను.

బాట నిడివి 12.42 మైళ్లు, అనగా ఇంచుమించు 20 కిలోమీటర్లు. మలుపులు 156. ఆరంభస్థలమే సముద్రమట్టమునకు సుమారు 9,390 అడుగుల యెత్తున ఉన్నది. గమ్యము 14,115 అడుగులు. తిరుమల ఘాటురోడ్డు నెరిగిన మనవారికి ఈ దూరమును ఊహించుట సులభము; అదియు రమారమి ఇంత దూరమే. అచ్చట వాహనము 28 నిముషములకు ముందుగా పైకి చేరరాదని కట్టడి చేసి, త్వరపడినవారికి జరిమానా విధించిరి. ఇచ్చట ఎనిమిది నిముషములలో చేరినవానికి కీర్తి! పందెమునాడు ఆ బాటపై ఎదురుగా బస్సు రాదు, యాత్రికుడు నడువడు, మలుపు అవతల ఆగిన లారీ ఉండదు. మిగిలిన దినములలో అదే బాటపై సామాన్య జనులు రుసుము చెల్లించి మెల్లగా తమ కార్లు నడుపుకొనుచు పోవుదురు. ఈ సంగతి పిల్లలకు తెరపై కానరాదు గనుక మనమే చెప్పవలసియున్నది.

ఇక కారు సంగతి. కొండ పందెమున అసలైన శత్రువు మలుపు కాదు, గాలి. శిఖరము చేరునప్పటికి గాలి యొత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో నూటికి అరువది పాళ్లకు దిగును. ఇంజనులో పెట్రోలు మండుటకు గాలి కావలెను; గాలి తగ్గినకొలది బలము తగ్గును. సాధారణమైన ఇంజను క్రింద నూరు గుఱ్ఱముల బలముతో లాగినచో పైన అరువదింటితో లాగును. దీనిని తప్పించుకొనుటకు గాలిని బలవంతముగా ఇంజనులోనికి త్రోయు టర్బో యంత్రమును అమర్చుదురు. అంతటితో చిక్కు తీరదు. పందెపు కారునకు వెనుకను ముందును పెద్ద రెక్క లుండుట మీరు చూచియుందురు. అవి విమానపు రెక్కల వంటివే గాని, తలక్రిందులుగా అమర్చినవి. కారును పైకి లేపుటకు మారుగా నేలకు అదుముట వాని పని. గాలి పలుచనైనచో ఆ అదుము కూడ సడలును. అందుచేతనే పైక్స్ పీక్ కార్ల రెక్కలు చూచుటకు ఎబ్బెట్టుగా తోచునంత పెద్దవిగా ఉండును. ఇంజనును చల్లార్చుటకు వచ్చు గాలియు పలుచనిదే. ఒక్క గాలి తగ్గినందుకు బలము, పట్టు, చల్లదనము మూడును తగ్గుచున్నవి.

ఇచ్చట అభిమానులలో ఎడతెగని వాద మొకటి కలదు. 1988లో ఫిన్లండు దేశీయుడైన ఆరి వాటనెన్ ప్యూజో 405 కారులో 10 నిముషముల 47.22 సెకండ్లలో ఎక్కి, అంతకు ముందటి యేట ఆడి కారులో వాల్టర్ రోర్ల్ నెలకొల్పిన కాలమును 0.63 సెకండుతో దాటెను. అప్పుడు బాటంతయు కంకర. కారు ప్రతి మలుపునందును ప్రక్కకు జారుచు, ధూళి చిమ్ముచు పోయెడిది. ప్రక్కన లోయ, చాలచోట్ల అడ్డుగోడ లేదు. తరువాత ఆ కంకర కొట్టుకొనిపోయి దిగువ వాగులను పాడుచేయుచున్నదని వ్యాజ్యము నడువగా, కొంచెము కొంచెముగా తారు వేసిరి. 2012 పందెము నాటికి బాట యంతయు తారు రోడ్డయ్యెను. 2013లో ఫ్రెంచివాడైన సెబాస్టియన్ లోబ్ 875 కిలోల బరువును 875 అశ్వశక్తియు గల ప్యూజో 208 కారులో 8 నిముషముల 13.878 సెకండ్లలో శిఖరము చేరెను. కంకరపై వచ్చిన కాలమును తారుపై వచ్చిన కాలముతో పోల్చవచ్చునా? "రెండును ఒకే కొండ" యని కొందరు, "పేరు ఒకటే గాని కొండ వేరు" అని కొందరు. నా మట్టునకు రెండవవారి మాటయే సరి. కొండ మారలేదు గాని చక్రము క్రింది నేల మారినది. నేల మారినప్పుడు విద్యయే మారును.

ఈ వాదము చల్లారకమునుపే మరియొకటి పుట్టినది. 2018 జూన్ 24న ఫ్రాన్సు దేశపు రోమాఁ డ్యూమా, ఫోక్స్‌వాగన్ వారి విద్యుత్కారులో 7 నిముషముల 57.148 సెకండ్లలో ఎక్కి, ఎనిమిది నిముషముల గీతను మొదటిసారిగా దాటెను. లెక్క వేసినచో సగటు వేగము గంటకు సుమారు 150 కిలోమీటర్లు. ఆ కారు బలము 680 అశ్వశక్తి. లోబ్ కారుకంటె దాదాపు రెండువందలు తక్కువ. అయినను పదునారు సెకండ్లు ముందు చేరెను. విద్యుత్ మోటారునకు మండుటకు గాలి అక్కరలేదు గనుక, క్రింద ఎంత బలమో పైనను అంతే బలము. బ్రేకు వేసినప్పుడు వృథా యగు శక్తిలో కొంత మరల బ్యాటరీకి చేరును. కాని శబ్దము లేదు! కారు వచ్చుచున్నదని ప్రేక్షకులు గుర్తింపజాలరను భయముచే విద్యుత్కార్లకు సైరను తప్పనిసరి చేసిరి. ఇంజను గర్జన కొరకు కొండ యెక్కి కూర్చున్న పాత అభిమానులకు ఈ సైరను మోత ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఇంత గొప్ప పందెము టెలివిజనులో ఏల తక్కువగా కనబడును? అభిమానుల నిత్య ఫిర్యాదు ఇదియే. చుట్టుబాటపై జరుగు పందెమునందు ఒక్కొక్క చుట్టు అయిదారు కిలోమీటర్లు. కార్లు అదే మలుపును అరువది మార్లు దాటును. కొలదిపాటి కెమెరాలతో పందెమంతయు చూపవచ్చును. కొండపై ఒక్కొక్క కారు ఒక్కొక్క మలుపును ఒక్కసారియే దాటును. పది కెమెరాలు పెట్టినచో పది మలుపులు కనబడును, తక్కిన నూట నలుబదియారు కానరావు. కొండ మడతలు చిత్రసంకేతములకు అడ్డుపడును. ఆ పలుచని గాలిలో హెలికాప్టరునకును శక్తి తగ్గును. ఒక కారు చెడినచో దానిని తొలగించువరకు అందరును వేచియుండవలెను. వేసవియందును పైన మంచు పడవచ్చును. 2021లో శిఖరమందలి మంచు వలన బాటను కుదించియే పందెము నడపిరి. వీని కన్నిటికిని కాలము కేటాయించుట టెలివిజనువారికి గిట్టదు. అందుచేత దినమంతయు జరిగిన దానిని కత్తిరించి, కొన్ని నిముషములకు కుదించి చూపుదురు.

ఈ కత్తిరింపు సంగతియే తల్లిదండ్రులు గమనింపదగినది. వాటనెన్ పరుగును గూర్చి జాఁ-లూయి మూరే తీసిన "క్లైమ్ డాన్స్" అను చిన్న చిత్రము లోకప్రసిద్ధము. సూర్యుడు కంటి కెదురుగా నిలిచిన చోట వాటనెన్ ఒక చేతిని కన్నులకు అడ్డముగా పెట్టి, రెండవ చేతితోనే స్టీరింగు త్రిప్పుచు మలుపు దాటును. చూచినవారు ఆ దృశ్యమును మరువలేరు. చిత్రముగా అది అద్భుతము. దానిని నేనును పెక్కుసార్లు చూచితిని. కాని పరుగు పట్టిన కాలము పదునొకండు నిముషములకు కొంచెము తక్కువ, చిత్రమో సుమారు అయిదు నిముషములు. సగము కాలము ఎచ్చటికి పోయినది? తిన్నని భాగములు, ఓపికగా నెమ్మదించిన చోట్లు కత్తెరకు బలియైనవి. మిగిలినది సాహసము మాత్రమే. దీనికి భిన్నముగా, 2013 నాటి లోబ్ పరుగును కారులోని కెమెరా ఆసాంతము చిత్రించెను. ఆ ఎనిమిది నిముషములును కత్తిరింపు లేక చూడవచ్చును. అందు బ్రేకు ఎంత ముందుగా వేయుచున్నాడో, ఎంత తరచుగా వేగము తగ్గించుచున్నాడో కనబడును.

ఆ కెమెరాయును పూర్తిగా సత్యవాది కాదు. నేలకు దగ్గరగా అమర్చిన కెమెరా వేగమును హెచ్చించి చూపును. ఏటవాలును తగ్గించి చూపును. పైక్స్ పీక్ బాట సగటున ప్రతి నూరడుగులకు ఏడడుగులు పైకి లేచుచున్నది. తెరపై అది చదునైన రోడ్డువలె తోచును.

తెర చూపని సంగతులు ఇంకను కలవు. గెయోర్గ్ ప్లాసా అను జర్మను పందెగాడు చిన్న బి.ఎం.డబ్ల్యూ. కారులో జడ్ వారి ఎనిమిది సిలిండర్ల పందెపు ఇంజను అమర్చి ఐరోపా కొండలపై నడిపెను. ఆ ఇంజను ధ్వనికొరకే లక్షలాది జనులు అతని చిత్రములు చూచిరి. అతడు 2011 జూలైలో ఇటలీలోని రియేతి పందెమున మరణించెను. చిత్రములు నేటికిని ఉన్నవి. క్రొత్తగా చూచు పిల్లవానికి ఆ చోదకుడు లేడను మాట తెలియకపోవచ్చును. పైక్స్ పీక్ నందే 2019లో అనుభవజ్ఞుడైన మోటారుసైకిలు వీరుడు కార్లిన్ డన్ గమ్యరేఖకు కూతవేటు దూరమున పడి ప్రాణములు కోల్పోయెను. ఆ తరువాత అచ్చట మోటారుసైకిళ్ల పందెమును నిలిపివేసిరి. ఆ పందెము ఏల లేదని మీ పిల్లవాడడిగినచో దాచక చెప్పుడు.

మా తమ్ముని కుమారుడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. లోబ్ చిత్రమును చూచుచు మలుపులు లెక్కింప మొదలిడినాడు. కొంతసేపటికి నా కడకు వచ్చి, "పెదనాన్నా, తొంభై దాకా లెక్కపెట్టాను, తర్వాత తప్పిపోయాను. ఆయనకి అన్నీ ఎలా గుర్తుంటాయి?" అని అడిగెను. ర్యాలీ పందెములలో ప్రక్కన కూర్చుండి మలుపులు చదివి చెప్పు సహాయకు డుండును. లోబ్ ఈ కొండను ఒంటరిగా ఎక్కెను. సాధన దినములలో బాటను భాగములుగా విభజించి, యాత్రికులు రాకమునుపే తెల్లవారుజామున, దినమున కొక్క భాగమును మాత్రమే నడపనిత్తురు. మొదలునుండి చివరివరకు పందెపు వేగముతో నడుపుట పందెమునాడే. అంతవరకు ముక్కలను తలలో కూర్చుకొనుటయే పని. ఇది విని వాడు చిత్రమును మరల మొదటికి త్రిప్పి, ఈసారి లెక్కింపక, మొదటి భాగమును మాత్రమే మూడుమారులు చూచెను.