లెక్కలు వ్రాసే మన బిడ్డలు



ఒక శనివారము రాత్రి మరునాటి ప్రసంగము సిద్ధపరచుకొనుచుండగా మా సంఘములోని యౌవనస్థుడొకడు వచ్చి వరండాలో నిలబడ్డాడు. కూలి చేసుకొని బ్రతికే తలిదండ్రుల కుమారుడు. బి.కాం. చదివి, కంప్యూటరు మీద టాలీ నేర్చుకొని, దగ్గరి పట్టణములో ఒక వ్యాపారి వద్ద అకౌంటెంటుగా కుదిరాడు. ఆ ఇంటికి మొదటి నెలజీతగాడు అతడే. లోపలికి రమ్మంటే వచ్చి, చాలాసేపు మాట్లాడలేదు.

"అయ్యగారూ, సరుకు రాకుండానే వచ్చినట్లు బిల్లులు ఎక్కించమంటున్నారు. మూడు నెలలుగా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాను. సోమవారం ఎక్కించకపోతే ఇక రావద్దన్నారు. ఏం చెయ్యమంటారు?"

నాకు వెంటనే వాళ్లమ్మ మందుల ఖర్చు, చెల్లెలి పెండ్లికి చేసిన అప్పు కళ్ల ముందు మెదిలాయి. "నాయనా, నీవు గుమస్తావు. యజమాని చెప్పింది వ్రాయడమే నీ పని. ఆ పాపము ఆయనది. ఇంకో ఉద్యోగము దొరికేదాకా ఓర్చుకో" అన్నాను. ప్రార్థన చేసి పంపించాను. అతడు తల వంచుకొని వెళ్లిపోయాడు. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనిచ్చినది కాపరి ఇవ్వవలసిన సలహా కాదు.

ఆరాధన అయిన తరువాత అతణ్ణి పక్కకు పిలిచి, "రాత్రి నేను చెప్పింది తప్పు, క్షమించు" అన్నాను. "తెల్లవారుజామునే నిశ్చయించుకున్నానండి. మానేస్తున్నాను" అన్నాడతడు.

డాక్టరు, నర్సు, టీచరు ఉద్యోగాలను గూర్చి మన పల్లె సంఘాలలో అందరికీ కొంత తెలుసు. లెక్కలు వ్రాసే వృత్తిలో ఎన్ని తరగతులున్నాయో, ఎన్ని కష్టాలున్నాయో, ఎన్ని శోధనలున్నాయో తలిదండ్రులకు తెలియదు, నాకూ తెలియలేదు. అది మొదలుకొని తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించిన సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాను.

చాలా పాత వృత్తి

మన ఊళ్లలో 1984లో కరణాల పద్ధతి రద్దయ్యేవరకు ఊరి భూముల లెక్క కరణముగారి చేతిలో ఉండేది. కొట్లలో చిట్టా, ఆవర్జా ఉండేవి. ఏ రోజు జమాఖర్చులు ఆ రోజు చిట్టాకు ఎక్కేవి. అక్కడనుండి పేరుపేరున ఆవర్జాలోనికి వెళ్లేవి. నేటి కంప్యూటరులో జరిగేదీ అదే పని.

ప్రతి పద్దునూ రెండు వైపుల వ్రాసే పద్ధతిని మొట్టమొదట అచ్చు పుస్తకములో వివరించినవాడు లూకా పచోలీ అనే క్రైస్తవ సన్యాసి. 1494లో వెనీసు నగరములో ఆయన గ్రంథము వెలువడింది. ఆ పద్ధతి అప్పటికే అక్కడి వర్తకులలో వాడుకలో ఉన్నది. లెక్క పుస్తకమును దేవుని నామముతో ప్రారంభించమని ఆయన వర్తకులకు నేర్పాడు. మొదటి పుట మీద దేవుని పేరు వ్రాసినవాడు చివరి పుట వరకు అబద్ధము వ్రాయకూడదు గదా!

ఇంకా వెనుకకు వెళితే ఎజ్రా కనబడతాడు. మందిరమునకు చెందిన వెండి బంగారములను బబులోను దేశమునుండి యెరూషలేమునకు తీసికొని వెళ్లేటప్పుడు ఆయన పన్నెండుమంది యాజకులకు వాటిని తూచి అప్పగించాడు. యెరూషలేము చేరిన తరువాత మరల తూచి, లెక్క సరిచూచి, బరువును వ్రాసిపెట్టారు (ఎజ్రా 8వ అధ్యాయము). ఆ యాజకులు పరిశుద్ధులని ఎజ్రాయే చెప్పాడు. అయినను తూచాడు! లెక్క అడగడము అనుమానించడము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

నేటి కష్టములు

మొదటిది, యంత్రము. పదిహేనేండ్ల క్రితము బిల్లులు ఎక్కించడము వస్తే చాలు, ఏదో ఒక కొట్టులో పని దొరికేది. ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు కంప్యూటరులోనికి దానంతటదే వచ్చి చేరుతున్నది. బిల్లును ఫోటో తీస్తే అంకెలను చదివి పద్దు వ్రాసే ప్రోగ్రాములు వచ్చాయి. కృత్రిమ మేధ అనేది ఇప్పుడు ఆడిటరు ఆఫీసులోనికి కూడ ప్రవేశించింది. కేవలము టైపు చేసేవారి అవసరము తగ్గుచున్నది. వ్రాసిన పద్దు సరియైనదో కాదో చెప్పగలవారి అవసరము తగ్గలేదు. కాబట్టి మూడు నెలల టాలీ కోర్సు తలుపు తెరుస్తుంది గాని ఇల్లు కట్టదు.

రెండవది, మారిపోయే చట్టములు. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చింది. చిన్న కొట్టు కూడ నెలనెలా గాని మూడు నెలలకొకసారి గాని రిటర్నులు వేయవలసి వచ్చింది. దానితో చాలామందికి పని దొరికింది. పెద్ద వ్యాపారుల జి.ఎస్.టి. లెక్కలను చార్టర్డ్ అకౌంటెంటుగాని, కాస్ట్ అకౌంటెంటుగాని ధ్రువపరచాలన్న నియమము కూడ ఉండేది. 2021లో ఆ నియమమును తీసివేసి, వ్యాపారి తానే ధ్రువపరచుకోవచ్చునన్నారు. ఒక చట్టము ఇచ్చిన పనిని మరొక చట్టము తీసుకొనిపోయింది. 2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. రేట్లు మారి, చాలా సరుకులు 5 శాతము, 18 శాతము అనే రెండు వరుసలలోనికి వచ్చాయి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము స్థానములో 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యేటట్లు 2025లో కొత్త చట్టము చేశారు. ఈ వృత్తిలో డిగ్రీ చేతికి వచ్చిన తరువాత కూడ చదువు ఆగదు.

మూడవది, పరీక్షలు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 జులై 1న పార్లమెంటు చట్టము ద్వారా ఏర్పడింది. సి.ఎ. చదువుటకు ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని మూడు మెట్లు. ఏ గ్రూపుతో ఇంటర్ పాసైనా ఫౌండేషన్ వ్రాయవచ్చును. కామర్సు డిగ్రీలో 55 శాతము, ఇతర డిగ్రీలలో 60 శాతము మార్కులున్నవారు నేరుగా రెండవ మెట్టులో చేరవచ్చును. ప్రతి పేపరులో 40, మొత్తము మీద 50 శాతము రావాలి. ఆడిటరు వద్ద శిష్యరికము మునుపు మూడేండ్లు, 2023లో వచ్చిన కొత్త విధానములో రెండేండ్లు. ఆ కాలములో వచ్చే స్టైపెండు పట్టణములో గది అద్దెకు కూడ చాలకపోవచ్చును. 2024 మే నెలలో ఫైనల్ రెండు గ్రూపులు కలిపి వ్రాసినవారిలో పాసైనది సుమారు 20 శాతమే. అంటే నూరుమందిలో ఎనభైమంది ఆ పర్యాయము తప్పారు. వారిలో ఎంతో తెలివిగలవారున్నారు. ఈ సంగతి ముందు తెలియని తండ్రి, "ఇంత డబ్బు పోసి చదివిస్తే ఫెయిలయ్యావా?" అని బిడ్డను కుమిలిపోజేస్తాడు.

అన్నిటికంటె పెద్ద కష్టము

నాలుగవది, మనస్సాక్షి మీద పడే ఒత్తిడి. మా యౌవనస్థుని సంగతి ఇదే. వ్యాపారి సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టవలసిన పన్నులోనుండి తగ్గించుకోవచ్చును. సరుకు లేకుండ ఉత్త బిల్లు తెస్తే, కట్టని పన్నును తగ్గించుకున్నట్లే. అది ప్రజల సొమ్ము దొంగిలించడము. అమ్మినవాని రిటర్నును, కొన్నవాని రిటర్నును కంప్యూటరు పోల్చి చూస్తుంది గనుక నేడో రేపో నోటీసు వస్తుంది. ఇట్టి పనికి సహకరించినవానికి కూడ జరిమానా ఉన్నదని చట్టము చెప్పుచున్నది. నేను ఆ రాత్రి అన్నట్లు పాపము యజమానిది మాత్రమే అయితే, చట్టము అంతవరకు కూడ ఒప్పుకోదు. దేవుని న్యాయము ఒప్పుకొంటుందా?

చిన్న కాకి లెక్కలు ఎక్కడికి పోతాయో మన తెలుగువారు కళ్లారా చూశారు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు గారు, కంపెనీ పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఉత్తరము వ్రాశారు. లాభమును మొదట కొంచెము పెంచి చూపామని, ఆ తేడా ఏటేటా పెరిగి అదుపు తప్పిందని ఆయనే ఒప్పుకున్నారు. ఆడిటర్లు కూడ అరెస్టయ్యారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు ఆడిటర్లతో సహా పదిమందికి ఏడేండ్ల శిక్ష విధించింది. వారు అప్పీలు చేసికొని, తరువాతి నెలలో బెయిలు పొందారు. ఆ కంపెనీలో వేలాదిమంది ఇంజనీర్లు పని చేసేవారు. రేపు జీతము వస్తుందో రాదో అని భయపడిన ఇండ్లు మన మధ్యనే ఉన్నాయి.

దాని తరువాత కట్టుబాట్లు పెరిగాయి. 2013 కంపెనీల చట్టము, లిస్టయిన కంపెనీలలోను మరికొన్ని పెద్ద కంపెనీలలోను ఒకే ఆడిటరు ఏండ్ల తరబడి ఉండిపోకుండ గడువు పెట్టింది. ఆడిటర్ల మీద విచారణ జరుపుటకు 2018లో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీల లెక్కల కంప్యూటరులో ఏ పద్దును ఎప్పుడు మార్చినా ఆ జాడ చెరిగిపోకుండ ఉండాలి. ఇవన్నీ మంచివే. అయినను "ఈ ఒక్కసారికి వ్రాయి" అన్నప్పుడు "వ్రాయను" అనే నోరును ఏ చట్టమూ ఇవ్వలేదు. అది ఇంటిలోను, సంఘములోను నేర్చుకొనవలసినది.

తరువాత జరిగినది

ఉద్యోగము మానిన మరుసటి వారమే దేవుడు అంతకంటె మంచి ఉద్యోగమిచ్చాడని వ్రాస్తే చదువరులకు సంతోషమే గాని, అది నిజము కాదు. ఏడు నెలలు అతడు ఖాళీగా ఉన్నాడు. కూలికి వెళ్లాడు. పాత యజమాని మంచిమాట చెప్పలేదు గనుక రెండుచోట్ల దాకా వచ్చిన పని పోయింది. చదువుకొని కూలికి పోతున్నాడని ఊరు నవ్వింది. సంఘములో కూడ కొందరు, "లోకములో అంత పట్టుదల పనికిరాదు" అన్నారు. వాళ్లమ్మ మాత్రము ఒక్క మాట అనలేదు.

ఆ దినములలో మా సంఘపు లెక్కలు చూడమని అతణ్ణి కోరాను. పనిలేని కుర్రవానికి కాలక్షేపమని నా ఉద్దేశము. మూడవ రోజున వచ్చి, "అయ్యగారూ, కోతపండుగ కానుకలలో 3,400 రూపాయలకు రశీదు లేదండి" అన్నాడు. ఆ డబ్బు నేనే ఒక విధవరాలి ఆసుపత్రి ఖర్చులకు ఇచ్చాను. దొంగిలించలేదు. కాని ఎక్కడా వ్రాయలేదు. "ఇతర ఖర్చులు అని వ్రాసెయ్యి బాబూ" అన్నాను. అతడు కలము కదపలేదు. "జరిగింది జరిగినట్టే వ్రాస్తానండి" అన్నాడు. ఎవరికి, ఎందుకు ఇచ్చినదీ వ్రాసి, పక్కన రశీదు లేదని వ్రాశాడు. సంఘము ముందు చదివినప్పుడు నా ముఖము ఎర్రబడింది. ఆ విధవరాలు లేచి, "నాకే ఇచ్చారు" అని సాక్ష్యము చెప్పింది. అప్పటినుండి మా కానుకలను ఇద్దరు కలిసి లెక్కిస్తున్నారు. మూడు నెలలకొకసారి లెక్కను గుడి తలుపుకు అంటిస్తున్నాము. కానుకలు తగ్గలేదు.

ఇప్పుడతడు చిన్న కొట్లకు రిటర్నులు వేస్తూ, పొదుపు సంఘాల పుస్తకాలు సరిచూస్తూ బ్రతుకుచున్నాడు. ఆదాయము గొప్పది కాదు. చెల్లెలి పెండ్లి అప్పు ఇంకా ఉన్నది. కాని అతడు వ్రాసిన లెక్క అంటే బజారులో మారుమాట లేదు.

మనము చేయవలసినది

తలిదండ్రులకు: గోపురము కట్టేవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని మన ప్రభువు నేర్పాడు (లూకా 14:28). సి.ఎ.లో చేర్పించే ముందు ఐదారేండ్ల ఖర్చును, ఒకటి రెండు పర్యాయములు తప్పే అవకాశమును లెక్క చూచుకోండి. తప్పిన బిడ్డను నిందించకండి. కాస్ట్ అకౌంటెన్సీ, కంపెనీ సెక్రటరీ కోర్సులున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ ఖజానా, ఆడిట్ శాఖల ఉద్యోగాలకు పరీక్షలున్నాయి. ఒక తలుపు మూయబడితే బ్రతుకు మూయబడలేదు. ఆడపిల్లలకు కూడ ఇది తగిన వృత్తియే.

యౌవనస్థులకు: పద్దు ఎక్కించడముతో ఆగిపోకండి. ఆ పద్దు ఎందుకు అక్కడ ఉండాలో తెలుసుకోండి. చట్టము మారిన ప్రతిసారి చదవండి. ఇంగ్లీషుకు భయపడకండి, రోజుకొక పుట చదివితే అలవాటవుతుంది. తప్పు వ్రాయమన్నప్పుడు మొదటి రోజే మర్యాదగా కాదనండి. మూడు నెలలు సాకులు చెప్పిన తరువాత కాదనడము మరీ కష్టము.

వ్యాపారము చేసే విశ్వాసులకు: మీ గుమస్తాను పాపము చేయమని బలవంతపెట్టకండి. ఆదివారము ముందు వరుసలో కూర్చుని సోమవారము ఉత్త బిల్లులు తెచ్చేవాడు ఆ కుర్రవాని విశ్వాసమును కూడ దోచుకొనుచున్నాడు.

సంఘములకు, నాతోటి కాపరులకు: డబ్బు సంచి మోసిన శిష్యుడే పడిపోయాడని మరువకూడదు (యోహాను 12:6). రాజైన యోవాషు దినములలో మందిరపు ద్రవ్యమును రాజు లేఖికుడు, ప్రధానయాజకుడు ఇద్దరు కలిసి లెక్కించారు (2 రాజులు 12:10). మన సంఘములో లెక్క తెలిసిన బిడ్డ ఉంటే పుస్తకము అతని చేతికివ్వండి, అతడు అడిగిన రశీదు చూపించండి. సత్యము కొరకు పని పోగొట్టుకున్నవాని ఇంటికి ఒక బియ్యపు బస్తా పంపించండి. మేము ఆ ఏడు నెలలలో పంపినది ఒక్కటే బస్తా. అది చాలలేదని ఇప్పుడు తెలుస్తున్నది.

మనమందరము ఒక దినమున లెక్క అప్పగింపవలసిన వారమే. ఆ దినమున "ఇతర ఖర్చులు" అనే పద్దు ఉండదు. అంతవరకు మన బిడ్డల చేతిలోని కలమును ప్రభువు నిజముగా నడిపించును గాక. ఆమేన్.