రేగడి దోవలో పెద్ద టైరు

ఏమప్పా మనవడా, బొలెరోకు లావు టైర్లు వేయిస్తావంట కదా. వేయించుకో, నేనొద్దనను. అయితే కృష్ణగిరిలో బయల్దేరి ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల వెంట తిరిగే బండికి ఆ టైర్లు ఏం ఒరగబెడతాయో ముందు లెక్క చూద్దాం, కూర్చో.

టైరు గోడ మీద 215/75 ఆర్15 అని ఉంటుంది చూడు. 215 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ వెడల్పులో నూటికి 75 పాళ్లు గోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్, 1946లో ఫ్రాన్సులో మిషలిన్ వాళ్లు పేటెంటు తీసుకున్న రకం. 15 లోపలి రిమ్ము, అంగుళాల్లో. ఒక్క నంబర్లో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ కలిపేశారు. ఇంత కలగాపులగం మన తాలూకాఫీసు కాగితాల్లో కూడా చూడలేదు నేను.

లెక్క కడితే ఈ టైరు నిలువునా 70 సెంటీమీటర్ల పైచిలుకు. నువ్వు అడుగుతున్న 235/75 ఆర్15 అయితే 73 దాటుతుంది. తేడా 3 సెంటీమీటర్లు. అందులో సగం ఇరుసు కింద, సగం ఇరుసు పైన. అంటే బండి కడుపు నేలకు ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు పెరుగుతుంది, అంతే. పైన పెరిగిన ఒకటిన్నర మడ్‌గార్డు వైపు పోతుంది. స్టీరింగు కొస దాకా తిప్పి, అదే సమయానికి ముందు చక్రం గుంతలో పడిందనుకో, గరగరా రాసుకునే చప్పుడు వినపడొచ్చు.

చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కదా. మీటరుకు ఆ సంగతి తెలీదు. అది లెక్కపెట్టేది చుట్లను. నువ్వు హైవే మీద మీటరు చూసి 100లో పోతున్నాననుకుంటావు, నిజానికి పోయేది 104లో. కంపెనీ వాళ్లు మీటరును ఎప్పుడూ కాస్త ఎక్కువ చూపేటట్టే తయారు చేస్తారు. ఆ జాగ్రత్తను నువ్వు చేతులారా తినేస్తావు. దూరం మీటరూ అంతే, 104 కిలోమీటర్లు తిరిగితే 100 అంటుంది. "మైలేజీ పడిపోయింది తాతా" అని డీజిలును తిట్టేముందు ఈ నాలుగు కలుపుకో.

ఇంజను తోపు కూడా నేల దగ్గరకు వచ్చేసరికి నూటికి నాలుగు పాళ్లు తగ్గుతుంది. బ్రేకు పట్టూ అదే లెక్కన తగ్గుతుంది, పెడలు ఆ కాస్త గట్టిగా తొక్కాలి. పైగా బరువు. రోకలిని నడిమికి పట్టుకుని గిర్రున తిప్పు, తర్వాత కొసకు పట్టుకుని తిప్పు. రోకలి అదే, రెండోసారి మణికట్టు లాగేస్తుంది. లావు టైరులో బరువంతా ఇరుసుకు దూరంగా అంచున ఉంటుంది, దాన్ని తిప్పాలన్నా ఆపాలన్నా బండికి అంత శ్రమ.

ఇంక అసలు సంగతికి వద్దాం. బండి, మనుషులు కలిసి 1,800 కిలోలనుకో. టైరుకు 450. గాలి 30 కొట్టిస్తావు, అంటే చదరపు సెంటీమీటరుకు 2.1 కిలోల ఒత్తిడి. 450ని 2.1తో భాగించు. 214 చదరపు సెంటీమీటర్లు వస్తాయి, వేళ్లతో సహా నీ అరచెయ్యి పరిచినంత. బండిని మోసేది ఆ నాలుగు అరచేతులే! టైరు రబ్బరు బిగువు వల్ల కొద్దిగా అటూ ఇటూ అవుతుంది గానీ, లెక్క ఇదే. ఇందులో టైరు సైజు ఎక్కడుంది? లేదు. అదే 30 గాలితో పెద్ద టైరు వేసినా నేలకు ఆనే జాగా దాదాపు అంతే, ఆకారం మాత్రం మారుతుంది. గాలి 20కి దించితే, ఉన్న టైరుకే ఆ జాగా 320 దాకా పోతుంది. పైసా ఖర్చు లేదు. ఇసుక వంక దాటేటప్పుడు పని చేసేది ఇదే. దాటినాక మెల్లగా తారు రోడ్డెక్కి మళ్లీ గాలి కొట్టించుకోవాల. తక్కువ గాలితో వేగంగా పోతే గోడలు మడతపడి వేడెక్కి టైరు పగులుతుంది, మలుపులో రిమ్ము నుంచి ఊడినా ఊడొచ్చు.

నల్లరేగడి సంగతి వేరప్పా. అందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఉంటుంది. దాని పొరల మధ్యకు నీళ్లు దూరితే ఉబ్బుతుంది, ఎండితే కాలు దిగేంత పగుళ్లిస్తుంది. వాన పడిన రోజు ఆ మన్ను టైరు గాళ్లలో కూరుకుని నున్నగా అయిపోతుంది. ఇంక ఎంత లావు టైరైనా జారుతుంది. ఇక్కడ కావాల్సింది గాళ్లు ఎడంగా ఉన్న మడ్ టైరు, తిరిగేటప్పుడు మన్నును విసిరేస్తుంది. కానీ తారు రోడ్డు మీద హోరు, తడిలో బ్రేకు పట్టు తక్కువ, అరుగుదల ఎక్కువ. నువ్వు ఏడాదిలో ఎక్కువ తిరిగేది తారు మీదే. రెంటికీ మధ్యరకం ఆల్ టెర్రైన్ చాలు.

పెద్ద చక్రం గొప్పేం లేదా అంటావా? ఉంది. ఆదోని మార్కెట్టుకు పత్తి తోలిన పాత ఎద్దుల బండ్ల చక్రం నాలుగైదడుగులు, ఇనుప పట్టా మాత్రం సన్నం. చక్రం ఎంత పెద్దదైతే రాయి దానికి అంత చిన్న అడ్డం. సన్నటి పట్టా పైబురదను కోసుకుని కింద గట్టి నేల ఉంటే దాన్ని అందుకుంటుంది. గట్టి నేల అందని చోట ఇరుసు దాకా దిగబడేది, అది వేరే మాట. స్కాట్లాండు మనిషి థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1887లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం దాన్ని మళ్లీ కనిపెట్టినాక ఆ గాలి చక్రమే ఎద్దుల బండికీ వచ్చింది. కట్టె చక్రం కన్నా ఎంతో చిన్నది, అయినా మెత్తగా పోయేది. గతుకును మింగింది సైజు కాదు, గాలి. నీ మూడు సెంటీమీటర్లు ఏపాటివో ఇప్పుడు నువ్వే చెప్పు.

నా మాటంటే, సైజు మార్చొద్దు, అదే సైజులో ఆల్ టెర్రైన్ వేయించుకో. రిజిస్ట్రేషన్లో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, రేపు ఇన్సూరెన్సు వాళ్లతో తగాదా ఎందుకు. కొనేటప్పుడు గోడ మీద నాలుగంకెలు చూసుకో, 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. పాత సరుకైతే వద్దను. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాల.